వెనక వంటిల్లు పెంచాలంటే ప్లానింగ్ పర్మిషన్ కావాలా? ముందు అసలు గోడ ఎక్కడుందో చూడండి

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు, అంటే ఒక పక్క గోడ పక్కింటితో కలిసి ఉన్నది. ఎనభైల్లో ఎవరో పాత ఓనరు వెనక వంటింటిని 2.2 మీటర్లు పెంచాడు. మీరు దాని చివర నుంచి ఇంకో 4 మీటర్లు వెనక్కి జరిపి, కింద అమ్మానాన్నలకి ఒక పడగ్గది, షవరు ఏర్పాటు చేయాలనుకుంటున్నారు. బిల్డరు "ఆరు మీటర్ల దాకా పర్మిషన్ అక్కర్లేదు" అన్నాడు. పక్కింటాయన సంగతి వినగానే మొహం మాడ్చుకున్నాడు. ఈ గొడవంతా దేనికి, పెరట్లో విడిగా ఒక గది వేసేస్తే పోలా అని మీ బావమరిది సలహా. ఏప్రిల్‌లో మొదలుపెడితే జులైలో పెద్దవాళ్లు దిగేసరికి అయిపోతుందా అన్నది మీ చివరి ప్రశ్న.

నేను పదహారేళ్లుగా ఇక్కడ ఇళ్ల ప్లాన్లు గీసి, అనుమతులిచ్చే స్థానిక కౌన్సిళ్లకి పంపే పనిలో ఉన్నాను. బిల్డరు చెప్పిన అంకె అబద్ధం కాదు. దాన్ని మీ ఇంటికి అతికించిన తీరే తప్పు. ఆ ఆరు మీటర్లు మీ ఇప్పటి వంటింటి గోడ నుంచి లెక్కపెట్టరు. ఇంటి అసలు వెనక గోడ నుంచి లెక్కపెడతారు. అసలు ఇల్లంటే 1948 జులై 1 నాటికి ఎలా ఉందో ఆ ఇల్లు. ఆ తర్వాత కట్టిందైతే మొదట కట్టినప్పుడు ఎలా ఉందో అది. పాత ఓనరు పెంచిన 2.2 మీటర్లు మీ ఖాతాలోకే వస్తాయి. 2.2కి 4 కలిపితే 6.2. కేవలం 20 సెంటీమీటర్ల తేడాతో గీత దాటేశారు.

నిబంధన ఎలా ఉంటుందో చెప్తాను. ఇంగ్లండ్‌లో చిన్న చిన్న పెంపులకి విడిగా దరఖాస్తు అవసరం లేకుండా దేశం మొత్తానికీ ముందే ఇచ్చేసిన అనుమతి ఒకటుంది, దాన్నే పర్మిటెడ్ డెవలప్‌మెంట్ అంటారు. ఇప్పుడు అమల్లో ఉన్నది 2015 నాటి ఉత్తర్వు. దాని ప్రకారం ఒక అంతస్తు వెనక పెంపు, విడి ఇల్లయితే 4 మీటర్లు, సెమీ అయినా, వరసగా గోడలు కలిపి కట్టిన టెర్రస్ ఇల్లయినా 3 మీటర్లు. మొత్తం ఎత్తు 4 మీటర్లు దాటకూడదు. హద్దుకి 2 మీటర్ల లోపుంటే చూరు ఎత్తు 3 మీటర్లు దాటకూడదు. సెమీలో ఒక పక్క ఎప్పుడూ హద్దు మీదే ఉంటుంది కాబట్టి ఈ మూడు మీటర్ల చూరు నియమం మీకు తప్పదు. అసలు ఇల్లు మినహాయిస్తే మిగిలిన స్థలంలో సగానికి మించి కట్టడాలు ఉండకూడదు, షెడ్డు కూడా అందులోకే వస్తుంది. బయట కనిపించే ఇటుక, పెంకు పాత ఇంటికి దగ్గరగా ఉండాలి. పక్కవైపు పెంచితే వెడల్పు అసలు ఇంటి వెడల్పులో సగం దాటకూడదు. రెండంతస్తుల పెంపు మీకు వద్దు కాబట్టి దాని జోలికి వెళ్లను.

ఇక ఆ ఆరు. 2013లో తాత్కాలికంగా తెచ్చి 2019లో శాశ్వతం చేసిన వెసులుబాటు అది. సెమీ, టెర్రస్ ఇళ్లకి 6 మీటర్లు, విడి ఇళ్లకి 8. అయితే అది ఊరికే రాదు. పునాది తవ్వకముందే కౌన్సిల్‌కి ప్రయర్ అప్రూవల్, అంటే ముందస్తు ఆమోదం, కోసం అప్లై చేయాలి. కౌన్సిల్ మీ హద్దుకి ఆనుకున్న ఇళ్లవాళ్లకి కాగితం పంపి కనీసం 21 రోజులు గడువిస్తుంది. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే పని సాఫీ. ఒక్కరు చెప్పినా చాలు, పక్కిళ్ల వెలుతురు, ఏకాంతం ఎంత దెబ్బతింటాయో కౌన్సిల్ చూసి నిర్ణయిస్తుంది. మొత్తం 42 రోజులు. ఆలోపు ఏ జవాబూ రాకపోతే మీరు కట్టుకోవచ్చు. కట్టేశాక వెనక్కి వెళ్లి ఈ దారిలో అడగడం మాత్రం కుదరదు. ఈ ఒక్క ముక్క మీ బిల్డరు మీకు చెప్పలేదు, నా అనుభవంలో ఏ బిల్డరూ చెప్పడు.

ఇక్కడ ఒక పొరపాటు గురించి ఆగి చెప్పాలి. ఈ కొలతలన్నీ బయటి నుంచి. చాలా ఏళ్ల కింద ఒక కుటుంబం ఇల్లు అమ్మబోతూ నన్ను పిలిచింది. వెనక పెంపు మూడు మీటర్లే, పర్మిషన్ అక్కర్లేదని కట్టేశామన్నారు. ఆ ఇంటాయన గదిలోపల టేపు పట్టి చూపించాడు, సరిగ్గా మూడు మీటర్లే. నేను పెరట్లోకి వెళ్లి బయట నుంచి పట్టాను. ఇన్సులేషన్‌తో కలిపి గోడ మందమే 30 సెంటీమీటర్ల పైన. బిల్డరు లోపలి గది మూడు మీటర్లు రావాలని గోడని ఆ పక్కకి జరిపేశాడు, ఇంటాయనకి గది పెద్దదైందని మాత్రమే కనిపించింది. కొనేవాళ్ల సొలిసిటర్, అంటే వాళ్ల లాయరు, ఆ 30 సెంటీమీటర్లు పట్టుకున్నాడు. చివరికి కట్టేశాక అనుమతి కోరుతూ పూర్తి దరఖాస్తు పెట్టి, నిర్ణయం వచ్చేదాకా అమ్మకం ఆపుకోవలసి వచ్చింది. అనుమతి వచ్చింది, కానీ ఆ మధ్యలో కొనేవాళ్లు వేరే ఇల్లు చూసుకున్నారు.

కాబట్టి ముందు మీ అసలు గోడ ఎక్కడుందో తేల్చుకోండి. మీరు 2.2 అని రాశారు. దాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు? పాత ఇంట్లో వెనక మధ్యలో తోకలా పొడుచుకొచ్చిన భాగం మొదటి నుంచీ ఉండి ఉంటే లెక్క ఇంకోలా ఉంటుంది. ఆ తోక పక్క గోడ కూడా చట్టం కళ్లకి పక్క గోడే, దాన్ని దాటి పెంచితే సగం వెడల్పు నియమం వచ్చి పడుతుంది. గుర్తుపట్టడం పెద్ద విద్యేం కాదు. బయట పక్కగోడ దగ్గర నిలబడి ఇటుకల వరస చూడండి. పాత ఇటుక ముదురుగా, కాస్త చెక్కుకుపోయి ఉంటుంది. కొత్తది ఎక్కడ మొదలైందో అక్కడ పై నుంచి కిందకి ఒక నిలువు గీత కనిపిస్తుంది. రెండు రకాల సున్నం కలవక ఆ గీత దగ్గర చిన్న పగులు కూడా ఉంటుంది. తరవాత కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీ ఇంటి చిరునామా కొట్టి పాత అనుమతుల చరిత్ర తీయండి. ఎనభైల నాటి కాగితం దొరికితే అందులో డ్రాయింగు ఉంటుంది, అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

ఇప్పుడు మీకున్న దారులు. ఆ 20 సెంటీమీటర్లు వదులుకుని అసలు గోడ నుంచి 6 మీటర్ల దగ్గర ఆగితే ప్రయర్ అప్రూవల్‌కి వెళ్లొచ్చు. లేదూ, 6.2 కావాల్సిందే అంటే పూర్తి ప్లానింగ్ దరఖాస్తు. నాకైతే మూడో దారి నచ్చుతుంది. ఎనభైల పెంపులకి చాలాసార్లు పునాది లోతు తక్కువ, నేల కింద ఇన్సులేషన్ ఉండదు. దాన్ని మొత్తం తీసేసి అసలు గోడ నుంచి ఒకే ముక్కగా కట్టండి, అదీ ప్రయర్ అప్రూవల్‌తో 5 మీటర్లకే. ఎందుకంటే పక్కింటాయన అభ్యంతరం ఖాయం. ఆయన వెనక గది కిటికీ మీ ఉమ్మడి హద్దుకి ఆనుకుని ఉంటే 6 మీటర్ల గోడ ఆయనకి వెలుతురు ఎలా మింగేస్తుందో కౌన్సిల్‌కి బొమ్మ గీసి చూపనక్కర్లేదు. చాలా కౌన్సిళ్లు 45 డిగ్రీల లెక్క వాడతాయి. పక్కింటి దగ్గరి కిటికీ మధ్య నుంచి మీ వైపు 45 డిగ్రీల గీత గీస్తారు, మీ గోడ ఆ గీతని దాటుతుందా లేదా చూస్తారు. దాటినంత మాత్రాన కాదనేస్తారని లేదు, కానీ అక్కడి నుంచి వాదన మీదవుతుంది. హద్దు పక్క ఒక మీటరు లోపలికి జరిపి కట్టినా ఆ గీత మీకు చాలా మేలు చేస్తుంది.

పూర్తి దరఖాస్తు ఫీజు 2025 ఏప్రిల్ 1న 528 పౌండ్లు అయింది, అంతకు ముందు 258 ఉండేది. ప్రయర్ అప్రూవల్ అదే రోజున 240 అయింది. ఆ తర్వాత ప్రతి ఏప్రిల్‌లో ధరల పెరుగుదలని బట్టి ఇవీ పెరుగుతాయి, అప్లై చేసే రోజున ప్లానింగ్ పోర్టల్ అనే దరఖాస్తుల వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఎనిమిది వారాల్లో నిర్ణయం రావాలి. కాదంటే 12 వారాల లోపు అప్పీలు. అనుమతి వస్తే మామూలుగా మూడేళ్లలో పని మొదలుపెట్టాలి.

పక్కింటాయన గురించి మీరు మరీ భయపడుతున్నారు. ఆయన ఒప్పుకోలు మీకు అవసరం లేదు, ఆయన అభ్యంతరం కౌన్సిల్ వినాలి, అంతే. వెలుతురు తగ్గుతుంది, నా పెరడంతా మీ కిటికీలోంచి కనిపిస్తుంది, గోడ మీదపడ్డట్టుంది అంటే వాటికి విలువుంది. నా ఇంటి ధర పడిపోతుంది, కిటికీలోంచి చూసే దృశ్యం పోతుంది, పని జరిగినన్నాళ్లూ చప్పుడు, ఆ మనుషులంటే నాకు పడదు అంటే వాటిని పక్కన పెడతారు. అయినా నా మాట విని డ్రాయింగు కౌన్సిల్‌కి పంపకముందే ఒక కాపీ పట్టుకుని ఆయన తలుపు తట్టండి. టీ తాగుతూ ఆయన కిటికీలోంచి మీ స్థలం వైపు చూడండి. ఎన్నోసార్లు ఆ పది నిమిషాల్లో అసలు అభ్యంతరం బయటికొస్తుంది. ఒకసారి ఒకావిడ బాధంతా వెలుతురు గురించి కాదు, మా కస్టమర్ల కొత్త వాననీటి గొట్టం తన గులాబీల మీదకి వస్తుందేమోనని.

గొట్టం అన్నాను కాబట్టి ఇంకొకటి. దరఖాస్తులో భూమి ఎవరిదో చెప్పే సర్టిఫికెట్ ఉంటుంది. పునాది, చూరు, వాననీటి కాలువ ఏదైనా ఒక్క అంగుళం హద్దు దాటినా ఆ భూమి మీది కాదు. అప్పుడు మామూలు సర్టిఫికెట్ ఎ పెట్టకూడదు, బి పెట్టి పక్కింటాయనకి నోటీసు ఇవ్వాలి. తప్పుడు సర్టిఫికెట్ మీద వచ్చిన అనుమతిని ఎవరైనా ప్రశ్నిస్తే అది నిలబడకపోవచ్చు. గోడ మొత్తం మీ వైపే ఉండేలా గీయించుకోవడం హాయి.

మీ బావమరిది సలహా. పెరట్లో గదికి అనుమతి అక్కర్లేని దారి ఒకటుంది, నిజమే. హద్దుకి 2 మీటర్ల లోపుంటే మొత్తం ఎత్తు 2.5 మీటర్లు దాటకూడదు. దూరంగా ఉంటే రెండు వాలుల పైకప్పుకి 4, మిగతావాటికి 3 మీటర్లు. అసలు మెలిక ఎత్తులో లేదు. ఆ గది ఇంటి వాడకానికి అనుబంధంగా ఉండాలి. ఆఫీసు, జిమ్, పూజగది, సామాను గది సరే. మనుషులు రోజూ పడుకునే పడకగది అనుబంధం కిందకి రాదు. అమ్మానాన్నలు ఆరునెలలు అందులో ఉంటే, వంటకి ఒక గట్టు, షవరు కూడా చేరితే, అది కౌన్సిల్ కళ్లకి విడి ఇల్లు. పెరట్లో షెడ్డు పేరుతో మనుషుల్ని పెట్టడం మీద కొన్ని కౌన్సిళ్లు ప్రత్యేకంగా నిఘా పెట్టాయి. పైగా అరవై దాటిన మనిషిని జనవరి రాత్రి తడి గడ్డి మీదుగా బాత్రూంకి నడిపించడమా. వద్దండి.

మీరు పంపిన బొమ్మలో నాకు ప్లానింగ్ కంటే ఎక్కువ చికాకు పుట్టించినది ఒకటుంది. పెద్దవాళ్ల పడగ్గదిని మీ పాత భోజనాల గదిలో, అంటే కొత్త వంటింటికీ ముందు హాలుకీ మధ్యలో పెట్టారు. వెనక పెంచగానే ఆ గది కిటికీ పోతుంది. వంటింట్లోంచి మాత్రమే వెళ్లగలిగిన గది అవుతుంది. కట్టడం భద్రంగా ఉండాలని పెట్టిన బిల్డింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం అలాంటి లోపలి గదిలో పడుకోవాలంటే అగ్నిప్రమాదంలో బయటపడే దారి ఉండాలి, అంటే తెరుచుకునే భాగం 0.33 చదరపు మీటర్లకి తగ్గని కిటికీ, అందులో ఎత్తూ వెడల్పూ ఏదీ 45 సెంటీమీటర్లకి తగ్గకుండా, అడుగు భాగం నేల నుంచి 1.1 మీటర్లకి మించకుండా. బయటి గోడే లేని గదికి కిటికీ ఎక్కడ పెడతారు? పడగ్గదిని కొత్త భాగంలో పెరటి వైపు పెట్టి, వంటింటిని మధ్యకి తెచ్చి దాని పైన పైకప్పు కిటికీ ఇవ్వండి. పడగ్గదికి వెళ్లే దారి హాల్లోంచి వచ్చేలా చూసుకోండి. ఈశాన్యం, ఆగ్నేయం అని మీ మామగారు పట్టుబడితే ఈ గదుల్ని అద్దంలా తిప్పినా నిబంధన మారదు.

ప్లానింగ్ వేరు, బిల్డింగ్ రెగ్యులేషన్స్ వేరు. ఈ రెంటినీ ఒకటనుకునే ఇళ్లు నేను లెక్కపెట్టలేనన్ని చూశాను. ప్లానింగ్ అక్కర్లేదన్నా ఆ రెగ్యులేషన్స్ పాటించారో లేదో చూసే బిల్డింగ్ కంట్రోల్ తప్పదు, కౌన్సిల్‌దైనా సరే, రిజిస్టరైన ప్రైవేటుదైనా సరే. కందకం తవ్వాక కాంక్రీటు పోసే ముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. బంకమట్టి నేల, దగ్గర్లో పెద్ద చెట్టు ఉంటే ఆయన ఇంకా లోతుకి తవ్వమంటాడు, బిల్డరు మొహం చూడండి అప్పుడు. చివర్లో వచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అది చేతికి వచ్చేదాకా బిల్డరుకి ఆఖరి వాయిదా ఇవ్వకండి.

పార్టీ వాల్, అంటే ఉమ్మడి గోడ, అనే మూడో కాగితం కౌన్సిల్‌ది కాదు, మీకూ పక్కింటాయనకీ మధ్యది. 1996 నాటి చట్టం. ఉమ్మడి గోడలోకి దూలం దూర్చినా, దాన్ని కోసినా రెండు నెలల ముందు నోటీసు. ఆయన కట్టడానికి 3 మీటర్ల లోపు ఆయన పునాది కంటే లోతుకి తవ్వితే ఒక నెల ముందు. హద్దు గీత మీద కొత్త గోడ కట్టినా ఒక నెల. ఉమ్మడి గోడ నోటీసుకైనా తవ్వకం నోటీసుకైనా 14 రోజుల్లో ఆయన ఒప్పుకుంటున్నానని రాయకపోతే తగువు పుట్టినట్టు లెక్క, అప్పుడు సర్వేయర్లు వస్తారు. ఇద్దరికీ కలిపి ఒకర్ని పెట్టుకుంటే ఖర్చు తక్కువ, ఆయన తన సర్వేయర్ని తెచ్చుకుంటే ఆ ఫీజు కూడా సాధారణంగా మీ మీదే పడుతుంది. ఈ చట్టంతో ఆయన మీ పని ఆపలేడు, ఆలస్యం చేయగలడు. అందుకే టీ మాట చెప్పాను.

నాలుగోది నేల కింద ఉంటుంది. మీ పెరట్లో మ్యాన్‌హోల్ మూత ఉందా? పక్కిళ్లవాళ్లతో కలిసి వాడే మురుగు గొట్టాలు 2011 అక్టోబరు నుంచి నీటి కంపెనీల చేతికి వెళ్లాయి. అలాంటి గొట్టానికి 3 మీటర్ల లోపు కడితే ఆ కంపెనీ అనుమతి కావాలి. కొత్త షవరు గొట్టం ఎలాగూ ఎక్కడో కలపాలి కాబట్టి, డ్రాయింగు గీసే ముందే మూత ఎత్తి గొట్టం ఎటు పోతుందో చూడమనండి.

నేను చెప్పిన పర్మిటెడ్ హక్కులు అసలు లేని ఇళ్లూ ఉన్నాయి. ఫ్లాట్లకి లేవు. పాత రూపాన్ని కాపాడాలని గుర్తించిన కన్జర్వేషన్ ఏరియాలో ఆ ఆరు, ఎనిమిది మీటర్ల వెసులుబాటు ఉండదు, పక్కవైపు పెంపూ ఉండదు. ఆర్టికల్ 4 అనే ఉత్తర్వుతో కొన్ని వీధులకి కౌన్సిల్ ఆ హక్కులు తీసేస్తుంది. కొత్త ఎస్టేట్లలో ఇల్లు కొన్న మనవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. బిల్డరుకి ఎస్టేట్ కట్టడానికి ఇచ్చిన పాత అనుమతిలోనే ఒక షరతు రాసి ఆ హక్కులు రద్దు చేసి ఉంటారు, గ్యారేజిని కారు కోసమే ఉంచాలని కూడా. మీది 1930ల ఇల్లు కాబట్టి బహుశా ఆ బాధ లేదు, కానీ టైటిల్ దస్తావేజుల్లో పాత నిబంధనలు ఏమైనా ఉన్నాయేమో సొలిసిటర్‌ని అడగండి. వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌ల నియమాలు వేరు, నేను రాసింది ఇంగ్లండ్ వరకే.

"కట్టేసి నాలుగేళ్లు గడిస్తే ఎవడూ ఏమీ చేయలేడు" అని ఇంకా చెప్పేవాళ్లున్నారు. 2024 ఏప్రిల్ 25 నుంచి ఇంగ్లండ్‌లో అది పదేళ్లయింది. ఆ తేదీకి ముందే పని దాదాపు పూర్తయిన వాటికే పాత నాలుగేళ్ల లెక్క.

ఒకవేళ మీరు మనసు మార్చుకుని అనుమతి అక్కర్లేని 3 మీటర్ల దగ్గరే ఆగిపోతే, ఆ పని చట్టబద్ధమేనని కౌన్సిల్ ఇచ్చే లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ తీసుకోండి. తప్పనిసరేం కాదు. కట్టబోయేదానికైతే ప్లానింగ్ ఫీజులో సగం, 2025 ఏప్రిల్ లెక్కలో 264 పౌండ్లు. ఇల్లు అమ్మే రోజున మీ మాట ఎవరూ నమ్మరు, ఆ కాగితాన్ని నమ్ముతారు.

ఇక ఏప్రిల్, జులై. ప్రయర్ అప్రూవల్‌కి 42 రోజులు, పూర్తి దరఖాస్తయితే ఎనిమిది వారాలు. పార్టీ వాల్ నోటీసు కూడా అదే సమయంలో ఇస్తే రెండూ కలిసి నడుస్తాయి. బిల్డింగ్ కంట్రోల్ డ్రాయింగులు, దూలం లెక్కలు ఆ మధ్యలో అవుతాయి. ఈ సైజు పనికి తవ్వకం నుంచి రంగుల దాకా నాలుగు నెలలు వేస్తాను, వానలు పడితే ఐదు. డ్రాయింగే ఏప్రిల్‌లో మొదలుపెడితే జులైకి మీ వెనక గోడ ఉన్నచోట ప్లాస్టిక్ పట్టా ఉంటుంది, వంటిల్లు హాల్లో ఉంటుంది. ఆ పరిస్థితిలో పెద్దవాళ్లని దింపకండి. టిక్కెట్లు ఇంకా తీయకపోతే వచ్చే మార్చికి చూడండి, తీసేసి ఉంటే వాళ్లు వచ్చి తిరిగి వెళ్లాకే మట్టి తవ్వడం మొదలుపెట్టండి.